తక్కువ గ్రేడు యురేనియం రాయి: కుప్ప పోయాలా, ట్యాంకుల్లో కలపాలా?

నమీబియాలోని రోసింగ్ గనిలో 1976 నుంచి తవ్వుతున్న రాయిలో యురేనియం ఆక్సైడ్ 0.03 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. ఈ శాతాన్నే గ్రేడు అంటారు. అంటే టన్ను రాయికి మూడు వందల గ్రాములు. ఆ రాయిని అక్కడ నూరి, ట్యాంకుల్లో ఆమ్లంతో కలియబెట్టి యురేనియాన్ని తీస్తారు. బ్రెజిల్‌లోని కయెతితే వద్ద దొరికే రాయి దానికి దాదాపు పది రెట్లు మెరుగైనది, సుమారు 0.3 శాతం. అయినా అక్కడ 2000 నుంచి ఎంచుకున్నది హీప్ లీచింగ్, అంటే రాయిని పగలగొట్టి కుప్ప పోసి, పైనుంచి ఆమ్లాన్ని చుక్కచుక్కగా వదిలి, అడుగున చేరిన ద్రావణాన్ని పట్టుకునే పద్ధతి. "గ్రేడు తక్కువైతే హీప్ లీచింగ్, ఎక్కువైతే కర్మాగారం" అని పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంలో తేల్చే సూత్రం ఈ రెండు గనుల దగ్గరే తలకిందులవుతోంది. గ్రేడు మొదట అడగవలసిన ప్రశ్నే గాని, తీర్పు చెప్పేది మాత్రం ఆ యురేనియాన్ని పట్టుకుని ఉన్న రాయి. ఖనిజశాస్త్రం, గనుల ఇంజనీరింగ్ చదువుకుంటున్న వారికీ, తమ ఊరి పక్కన ఇలాంటి ప్రతిపాదన వస్తే ఏమి అడగాలో తెలుసుకోగోరే వారికీ ఉపయోగపడాలన్న ఉద్దేశంతో ఈ పోలికను రాస్తున్నాను.

ఎంపికలు ప్రధానంగా నాలుగు. ఆమ్లంతో ట్యాంకు లీచింగ్ మొదటిది. జార్ఖండ్‌లోని జాదుగూడలో 1960ల చివరి నుంచి నడుస్తున్నది ఇదే. క్షారంతో, అంటే సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంతో, వేడి, పీడనం కలిగిన ఆటోక్లేవులనే మూసిన పాత్రల్లో చేసే లీచింగ్ రెండవది. కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012 నుంచి ఉన్నది ఇది. మూడవది హీప్ లీచింగ్. ఇందులో ఆమ్లాన్నైనా క్షారాన్నైనా వాడవచ్చు. నాలుగవది రాయిని తవ్వకుండానే బోర్ల ద్వారా ద్రావణాన్ని నేలలోకి పంపి, వేరే బోర్ల ద్వారా తోడుకునే ఇన్ సిటు లీచింగ్. నేడు ప్రపంచ యురేనియంలో సగానికి పైగా ఈ చివరి పద్ధతిలోనే, ముఖ్యంగా కజకిస్తాన్ నుంచి వస్తోంది. అయితే దానికి నీరు సులువుగా పారే ఇసుకరాయి పొర కావాలి, ఆ పొరకు పైనా కిందా నీరు చొరని పొరలు కావాలి. కడప సున్నపురాయికీ, నల్లగొండ గ్రానైటుకూ ఆ లక్షణాలు లేవు కాబట్టి మన ప్రాంతపు చర్చలో దానిని ఆదిలోనే పక్కన పెట్టవచ్చు. పరిస్థితులు అనుకూలించిన చోట కూడా అది నిరపాయకరమని అనుకోవడానికి లేదు. చెక్ దేశంలోని స్ట్రాజ్ పోద్ రాల్స్కెమ్ వద్ద భూమిలోకి పంపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం దాదాపు నలభై లక్షల టన్నులు. అక్కడి భూగర్భ జలాన్ని శుభ్రపరచడం తవ్వకం ఆగిన తరువాత దశాబ్దాలుగా సాగుతూనే ఉంది.

ఇక మిగిలిన మూడింటి మధ్య ఎంపికకు ముందు కుప్పలో ఏం జరుగుతుందో కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే తప్పుడు నిర్ణయాలు చాలావరకు ఇక్కడి అవగాహన లోపం నుంచే పుడతాయి. గని నుంచి వచ్చిన రాయిని ఒకటి రెండు సెంటీమీటర్ల ముక్కలుగా పగలగొడతారు. పగలగొట్టినప్పుడు వచ్చే పొడి కుప్పలో రంధ్రాలను పూడ్చేస్తుంది గనుక, తిరిగే డ్రమ్ములో కొంత నీటినీ గాఢ ఆమ్లాన్నీ చిలకరించి ఆ పొడి పెద్ద ముక్కలకు అంటుకునేలా చేస్తారు. తరువాత ప్లాస్టిక్ పొర పరిచి, దాని మీద కంకర, చిల్లుల గొట్టాలు వేసిన చదునైన వేదికపై ఆ రాయిని కొన్ని మీటర్ల ఎత్తున పేరుస్తారు. పైన పరిచే గొట్టాలు పులివెందుల వైపు అరటి, చీనీ తోటల్లో కనిపించే డ్రిప్పు గొట్టాల వంటివే. గంటకు చదరపు మీటరుకు ఐదు నుంచి ఇరవై లీటర్ల చొప్పున ద్రావణం కారుతుంది. అది కుప్పలో దిగుతూ యురేనియాన్ని కరిగించుకుని అడుగున చెరువులోకి చేరుతుంది. అక్కడి నుంచి అయాన్ మార్పిడి రెజిన్లతోనో, కిరోసిన్ వంటి ద్రావకంలో కలిపిన రసాయనాలతోనో యురేనియాన్ని వేరు చేసి, చివరకు ఎల్లో కేక్ అనే పసుపు ముద్దగా పొందుతారు. ఈ చివరి దశలు ట్యాంకు పద్ధతిలోనూ ఇంచుమించు ఇవే. కాబట్టి తేడా అంతా రాయి నుంచి ద్రావణంలోకి యురేనియం దిగే దగ్గరే ఉంది.

యురేనినైట్ వంటి ప్రాథమిక ఖనిజాల్లో యురేనియం చాలావరకు నాలుగు సంయోజకత గల రూపంలో ఉంటుంది. ఆ రూపం సులువుగా కరగదు. దానిని ఆరు సంయోజకతకు ఆక్సీకరించాలి. ఆమ్ల పద్ధతిలో ఆ పని ఫెర్రిక్ ఇనుము చేస్తుంది, చేసి తాను ఫెర్రస్‌గా మారిపోతుంది. దానిని తిరిగి ఫెర్రిక్‌గా మార్చడానికి జాదుగూడ ట్యాంకుల్లో పైరోలుసైట్, అంటే మాంగనీసు డయాక్సైడ్ ఖనిజాన్ని కలుపుతారు. రాయిలో పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటే కుప్పలో బాక్టీరియా కూడా ఈ పనిని చేయగలదు. పైరైట్‌ను ఆక్సీకరిస్తూ అది ఆమ్లాన్నీ ఫెర్రిక్ ఇనుమునూ ఉచితంగా అందిస్తుంది. కెనడాలోని ఎలియట్ లేక్ గనుల్లో దీనిని వాడుకున్నారు. ఈ పైరైట్ సంగతిని ఇక్కడే గుర్తు పెట్టుకోవాలి. గని నడిచేటప్పుడు ఆదుకున్న ఈ ఖనిజమే, గని మూసిన తరువాత గాలి, వాన తగిలినప్పుడల్లా ఆమ్లాన్ని ఊరుస్తూనే ఉంటుంది.

రాయి తీర్పు చెప్పే మొదటి చోటు కార్బొనేట్, అంటే కాల్సైట్, డోలమైట్ వంటి సున్నపు ఖనిజాలు. కిలో కాల్సైట్ దాదాపు కిలో సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మింగేస్తుంది. కచ్చితంగా చెప్పాలంటే 980 గ్రాములు. డోలమైట్ అయితే కిలోకు 1,060 గ్రాముల దాకా తీసుకుంటుంది. రాయిలో కాల్సైట్ ఒక శాతం ఉంటే టన్నుకు పది కిలోల ఆమ్లం వృథా అవుతుంది, ఇది భరించదగినదే. పది శాతం ఉంటే టన్నుకు దాదాపు వంద కిలోలు. ఇప్పుడు తుమ్మలపల్లెను చూడండి. అక్కడ యురేనియం వేంపల్లె శిలా సముదాయానికి చెందిన డోలమైట్ సున్నపురాయిలో ఉంది. ఉదాహరణకు బరువులో 80 శాతం డోలమైట్ ఉన్న రాయిని తీసుకుంటే, టన్నుకు సుమారు 850 కిలోల ఆమ్లం కావాలి. అంత ఆమ్లం పోసినా ఆ టన్నులో ఉన్న యురేనియం ఆక్సైడ్ నాలుగైదు వందల గ్రాములే. ఖర్చు ఒక్కటే కాదు, కాల్సైట్ కరిగిన ప్రతి వంద గ్రాములకు 172 గ్రాముల జిప్సం ఏర్పడి కుప్పలోని దారులను పూడ్చేస్తుంది, పైన పోసిన ద్రావణం కిందికి దిగక పక్కలకు చిమ్ముతుంది. ట్యాంకులో జిప్సం ఒక ఇబ్బంది, కుప్పలో అది ప్రాణాంతకం. నా అంచనాలో కార్బొనేట్ రెండు మూడు శాతం లోపు ఉంటే ఆమ్లపు కుప్పను నిస్సంకోచంగా పరిశీలించవచ్చు. ఐదారు శాతం దాటితే ప్రతి లెక్కనూ రెండుసార్లు చూడాలి. పది దాటితే ఆ కాగితాలను మూసివేయడం మంచిది.

అయితే క్షారంతో కుప్ప పోయకూడదా? తుమ్మలపల్లె గురించి మాట్లాడేటప్పుడు విద్యార్థులకు సహజంగా తట్టే ప్రశ్న ఇదే, ఇది మంచి ప్రశ్న కూడా. సోడియం కార్బొనేట్ ద్రావణం సున్నపురాయి జోలికి పోదు, యురేనియాన్ని మాత్రం కరిగించుకుంటుంది. నమీబియాలోని ట్రెక్కోప్యే వద్ద అరేవా సంస్థ ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున ప్రయత్నించింది. అక్కడి గ్రేడు 0.015 శాతం కంటే తక్కువ. అంత పేద రాయితో ఆ సాహసానికి పూనుకోవడానికి కారణం, అక్కడి ఖనిజం కార్నొటైట్ కావడం. అందులో యురేనియం ఇదివరకే ఆరు సంయోజకతలో ఉంటుంది, ఆక్సీకరణ అక్కరలేదు. పైగా ఆ రాయి కాల్‌క్రీట్, అంటే ఎడారి నేలలో పైపైన గడ్డకట్టిన సున్నపు పొర, తవ్వకం తేలిక. అయినా ఫుకుషిమా ప్రమాదం తరువాత యురేనియం ధర పడిపోగానే 2012లో ఆ ప్రాజెక్టును నిలిపివేయాలని నిర్ణయించారు. తుమ్మలపల్లెలో ఈ అనుకూలతలు రెండూ లేవు. అక్కడి యురేనియం పిచ్‌బ్లెండ్, కాఫినైట్ వంటి ప్రాథమిక ఖనిజాల్లో, కంటికి ఆనని సూక్ష్మ కణాలుగా రాయంతటా పరుచుకుని ఉంది. క్షార ద్రావణం మామూలు ఉష్ణోగ్రత వద్ద చాలా నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టే అక్కడ రాయిని మెత్తగా నూరి, ఆటోక్లేవులో నీరు మరిగే ఉష్ణోగ్రతను మించిన వేడిమి వద్ద, ఆక్సిజన్ పీడనం కింద ఉడికిస్తారు. ఆ రాయిని సెంటీమీటరు ముక్కలుగా కుప్ప పోసి ఏళ్ల తరబడి క్షారం చిలకరించినా, ముక్కల లోపల చిక్కుకున్న యురేనియాన్ని ద్రావణం చేరుకోలేదు. పీడన లీచింగ్ ఖరీదైనదే, కానీ ఆ రాయి వేరే దారి ఇవ్వలేదు.

రెండవ తీర్పు తవ్వకపు ఖర్చుది. దీనిని పోలిక పట్టికల్లో చాలామంది వదిలేస్తారు. కుప్పలో యురేనియం రికవరీ, అంటే రాయిలో ఉన్నదానిలో చేతికి వచ్చే వాటా, సాధారణంగా 60 నుంచి 85 శాతం. ట్యాంకులో 90 దాటుతుంది. ఏడాదికి పది లక్షల టన్నుల రాయిని 0.05 శాతం గ్రేడుతో తవ్వే గనిలో 500 టన్నుల ఆక్సైడ్ ఉంటుంది. 70 శాతం రికవరీతో 350 టన్నులు చేతికి వస్తాయి, 90 శాతంతో 450. ఆ వంద టన్నుల తేడాను కుప్ప పద్ధతిలో ఆదా అయ్యే ఖర్చులు పూడ్చాలి. నూరే మిల్లు, చిక్కబరిచే ట్యాంకులు, ఫిల్టర్లు లేకపోవడం వల్ల కుప్ప పద్ధతికి పెట్టుబడి, కరెంటు ఖర్చు చాలా తగ్గుతాయి, నిజమే. కానీ భూగర్భ గనిలో టన్ను రాయిని పైకి తేవడానికే పెద్ద మొత్తం ఖర్చయినప్పుడు, అందులో మూడో వంతును కుప్పలోనే వదిలేయడం తెలివైన పని కాదు. అందుకే హీప్ లీచింగ్ బహిరంగ గనులకూ, అంతకంటే ముఖ్యంగా, ఇదివరకే తవ్వి పక్కన పోసిన తక్కువ గ్రేడు నిల్వలకూ బాగా కుదురుతుంది. నైజర్‌లోని ఆర్లిట్ వద్ద సొమాయిర్ సంస్థ 2009లో చేసింది ఇదే: మంచి రాయి కర్మాగారానికి వెళ్లింది, ట్యాంకు ఖర్చుకు తూగని రాయి కుప్పకు వెళ్లింది. తవ్వకపు ఖర్చు అప్పటికే అయిపోయింది గనుక, అక్కడ కుప్ప నుంచి వచ్చే ప్రతి కిలో అదనపు రాబడే. అంటే ఈ రెండు పద్ధతులలో ఒకదానినే ఎంచుకోవాలన్న నియమం లేదు. నా దృష్టిలో హీప్ లీచింగ్‌కు అన్నిటికంటే సహజమైన స్థానం ఇదే, కర్మాగారానికి తోడుగా.

రోసింగ్ సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. అక్కడి గ్రానైటు వంటి రాయిలో కార్బొనేట్ తక్కువ, యురేనినైట్ ఆమ్లానికి త్వరగా లొంగుతుంది, గని పరిమాణం చాలా పెద్దది; అంత భారీ స్థాయిలో ట్యాంకుల పెట్టుబడి టన్నుల మీద పరుచుకుపోతుంది. కయెతితేలో ఉత్పత్తి స్వల్పం, ప్రాంతం వాన తక్కువ కలది, అందుకని చిన్న పెట్టుబడితో ముగిసే కుప్ప సరిపోయింది.

వాన అనే మాట వచ్చింది గనుక మూడవ తీర్పు దానిదే అని చెప్పాలి. ఆకాశానికి తెరిచి ఉన్న రసాయన పాత్ర కుప్ప. పైన చెప్పిన పది లక్షల టన్నుల రాయిని ఆరు మీటర్ల ఎత్తున పోస్తే దాదాపు 26 ఎకరాలు ఆక్రమిస్తుంది. ఆ 26 ఎకరాల మీద ఒక్క రోజులో వంద మిల్లీమీటర్ల వాన కురిస్తే, కోటి లీటర్లకు పైగా నీరు యురేనియం, ఆమ్లం కలిసిన ద్రావణంగా మారి చెరువులోకి దిగుతుంది. ఆ చెరువు పొంగితే దిగువన ఉన్న వంకలోకే పోతుంది. కడప జిల్లా సగటు వర్షపాతం ఏడు వందల మిల్లీమీటర్ల ప్రాంతం కాబట్టి అది కుప్పకు అనువైన పొడి ప్రాంతమని కాగితం మీద రాసుకోవచ్చు. కానీ 2021 నవంబరు 19న చెయ్యేటి వరద అన్నమయ్య ప్రాజెక్టు కట్టను తెంచుకుపోయింది కూడా ఆ పొడి జిల్లాలోనే. సగటు వాన మీద కాదు, అలాంటి రోజు మీద చెరువును కట్టాలి. మేఘాలయలోని పశ్చిమ ఖాసీ కొండల్లో యురేనియం ఇసుకరాయిలో దొరికింది, ఆమ్లానికి కుదిరే రాయి. అయినా దేశంలోనే అత్యధికంగా వాన కురిసే ఆ కొండల మీద కప్పు లేని కుప్పను ఊహించడం నాకు సాధ్యం కాదు.

ఇప్పుడు తుమ్మలపల్లె పరిసర గ్రామాల రైతుల మాటకు వస్తాను. టెయిలింగ్ పాండ్, అంటే యురేనియం తీసేసిన తరువాత మిగిలిన వ్యర్థపు బురదను నింపే చెరువు, కట్టిన తరువాత బోరు నీరు చెడిందని, తోటలు దెబ్బతిన్నాయని వారు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. చెరువు బదులు కుప్ప అయితే ఈ బాధ ఉండేది కాదు కదా అని అడిగేవారు ఉన్నారు. ఇందులో సగం నిజం ఉంది. టెయిలింగ్ పాండ్‌లో మెత్తని బురద మీద మీటర్ల లోతు నీరు నిలిచి ఉండగలదు, ఆ బరువు అడుగు పొర మీద నిరంతరం ఒత్తిడి చేస్తుంది, పొరలో చిన్న చిల్లు పడినా నీరు దిగుతూనే ఉంటుంది. సరిగా కట్టిన కుప్ప అడుగున కంకర పొర, గొట్టాలు ఎప్పటికప్పుడు ద్రావణాన్ని లాగేస్తాయి గనుక పొర మీద నిలిచే నీటి మట్టం చాలా తక్కువ. ఇది కుప్పకున్న నిజమైన మేలు, దీనిని తక్కువ చేసి చెప్పకూడదు. మిగిలిన సగం ఏమిటంటే, పొర వేయని చోట, లేదా వేసిన పొర చిరిగిన చోట రెండింటి మధ్య తేడా చెరిగిపోతుంది. జర్మనీలో విస్ముట్ సంస్థ రోన్నెబుర్గ్ వద్ద సల్ఫ్యూరిక్ ఆమ్లంతో తడిపిన గెస్సెన్ కుప్పను తరువాత ఎత్తి లిక్టెన్‌బెర్గ్ గోతిలో పోశారు. కుప్ప పోయినా దాని కింది నేలలో లోహాలు మిగిలిపోయాయి, ఆ నేలను బాగుచేసే పద్ధతుల మీద యేనా విశ్వవిద్యాలయం వారు అక్కడే పరిశోధనా క్షేత్రం పెట్టుకున్నారు.

రేడియోధార్మికత విషయంలో ఏ పద్ధతికీ గొప్ప చెప్పుకునే హక్కు లేదు. యురేనియం తీసేసిన తరువాత కూడా మొదటి రాయిలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం వ్యర్థంలోనే ఉండిపోతుంది, ఎందుకంటే థోరియం-230, రేడియం-226 అక్కడే మిగులుతాయి. థోరియం-230 అర్ధాయుష్షు సుమారు 75,000 సంవత్సరాలు. రికవరీ తక్కువ గనుక కుప్పలో కొంత యురేనియం కూడా అదనంగా మిగులుతుంది. ట్యాంకు పద్ధతిలో ఒక వెసులుబాటు ఉంది: జాదుగూడలో చేస్తున్నట్టు వ్యర్థంలోని గరుకు ఇసుకను తిరిగి భూగర్భ గనిలో నింపవచ్చు. కుప్పను పోసిన చోటే శాశ్వతంగా వదలాలా, లేక ప్రతి విడత తరువాత ఎత్తి వేరే గోతిలో పూడ్చి అదే వేదికను మళ్లీ వాడాలా అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. మొదటిది చౌక. రెండవదానికి లారీల ఖర్చు ఉంది, కానీ వ్యర్థం ఎక్కడ ఉండాలో మనం ఎంచుకోగలం, వేదిక కింది పొరను పరీక్షించే అవకాశమూ దొరుకుతుంది. నేను రెండవదాని వైపే మొగ్గుతాను.

తెలుగు నేల మీద ఆమ్లానికి నిజంగా కుదిరే రాయి నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతానిది. అక్కడ యురేనియం శ్రీశైలం శిలల అడుగున, గ్రానైటు పైభాగంలో ఉంది. రసాయనశాస్త్రం ఒక్కటే మాట్లాడితే హీప్ లీచింగ్‌కు పరీక్ష పెట్టదగిన రాయి అది. కానీ ఆ గుట్టల పక్కనే నాగార్జునసాగర్ జలాశయం ఉంది. 2000ల తొలి సంవత్సరాల్లో ప్రతిపాదన వచ్చినప్పుడు కర్మాగారాన్ని గనికి దూరంగా సేరిపల్లి వద్ద పెట్టాలని తలపెట్టడం ఆ ఆందోళననే చూపుతుంది. రాయిని లారీల్లో అంత దూరం మోస్తే హీప్ లీచింగ్‌కు ఉన్న చౌకదనం ఆ దారిలోనే కరిగిపోతుంది. తవ్వకపోవడం కూడా ఒక ఎంపికే. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసినప్పుడు ఆ ఎంపికనే తీసుకుంది. పోలిక పట్టికలో దానికీ ఒక వరుస ఉండాలని నా అభిప్రాయం.

హీప్ లీచింగ్ వైపు మొగ్గు చూపేవారు చేయవలసిన పరీక్షల గురించి చివరిగా చెబుతాను. ప్రయోగశాలలో సీసాలో రాయిపొడినీ ఆమ్లాన్నీ వేసి దొర్లించే పరీక్ష త్వరగా ముగుస్తుంది, అంకెలు అందంగా వస్తాయి, అయితే అది చెప్పేది నూరిన రాయి గురించే గాని కుప్ప గురించి కాదు. నమ్మవలసినది కాలమ్ పరీక్షను. కుప్ప ఎంత ఎత్తు ఉంటుందో దాదాపు అంత ఎత్తున్న గొట్టంలో, అదే పరిమాణపు ముక్కలను నింపి, నెలల తరబడి ద్రావణాన్ని చుక్కలుగా వదలాలి. యురేనియం ఎంత వచ్చిందన్నదానితో పాటు టన్నుకు ఆమ్లం ఎంత పోయింది, రాయి ఎన్ని సెంటీమీటర్లు కుంగింది, ద్రావణం దిగే వేగం రోజురోజుకూ ఎలా మారింది అన్నవి రాసుకోవాలి. రాయిలో బంకమట్టి ఉంటే ఆ వేగం పడిపోవడం మొదటి వారాల్లోనే కనిపిస్తుంది. సోడియం క్షారంతో అయితే మట్టి ఉబ్బి ఇంకా త్వరగా మూసుకుపోతుంది. గనిలో వేర్వేరు లోతుల నుంచి తెచ్చిన రాళ్లకు వేర్వేరు గొట్టాలు పెట్టాలి, ఎందుకంటే ఒకే ఖనిజపు పొరలో కార్బొనేట్ పది అడుగులకోసారి మారవచ్చు. యురేనియం రావడం ఆగిన రోజున గొట్టాన్ని విప్పేయకుండా, ఇంకొన్ని నెలలు మంచినీటితో కడుగుతూ, అడుగున దిగే నీటిలో ఆమ్లత్వం, సల్ఫేటు, రేడియం ఎంతెంత ఉన్నాయో కొలవాలి. ఎవరైనా హీప్ లీచింగ్ ప్రతిపాదనను మీ ముందు పెడితే, రికవరీ పేజీ కంటే ముందు ఈ కడుగుడు నీటి పేజీని తీసి చూపించమని అడగండి.